‘ఇంటి కారం’ పేరుతో ఆరు లేబుళ్లు: ఒకే సిరీస్‌గా ట్రేడ్‌మార్క్ వస్తుందా?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా రాస్తాను, చదివే మిగతావాళ్లకు కూడా ఉపయోగపడుతుంది. తెనాలిలో మీరూ మీ అమ్మగారూ పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నారు. లేబుళ్లు ఆరు: ‘ఇంటి కారం ఆవకాయ’, ‘ఇంటి కారం గోంగూర’, ‘ఇంటి కారం నిమ్మకాయ’, ‘ఇంటి కారం కందిపొడి’, ‘ఇంటి కారం స్పెషల్ నల్లకారం’, ‘గుంటూరు ఇంటి కారం’. ఒక్కోదానికి విడిగా అప్లికేషన్ వేస్తే ఖర్చవుతుందని అన్నీ కలిపి ఒకే అప్లికేషన్‌లో, అంటే సిరీస్‌గా వేద్దామనుకున్నారు. ఒక కన్సల్టెంటు వేసేయమన్నారు. ఇంకొకరు అన్నీ డిస్క్రిప్టివ్ మాటలే, అంటే సరుకును వర్ణించే మాటలే, రాదన్నారు. ఎవరి మాట నమ్మాలని అడిగారు.

ఇద్దరూ సగం సగం చెప్పారండీ. సరుకు ఏమిటో, ఎలాంటిదో చెప్పే మాటలు సిరీస్‌లో ఉండటం తప్పేమీ కాదు. అసలు సిరీస్ అనే ఏర్పాటు పెట్టిందే ఎక్కువగా వాటి కోసం. కాకపోతే అవి ఎక్కడ ఉన్నాయన్నది ముఖ్యం. ఒక లేబులుకీ ఇంకో లేబులుకీ మారే భాగం డిస్క్రిప్టివ్‌గా ఉండాలి. అన్నిట్లోనూ మారకుండా ఉండే భాగం డిస్క్రిప్టివ్‌గా ఉండకూడదు. మీ ఆరింటిలో మారేదీ అలాంటి మాటే, మారనిదీ అలాంటి మాటే.

ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999లో సెక్షన్ 15(3) చూడండి. ఒకే యజమాని, ఒకే రకం లేదా దగ్గరి రకం సరుకుల మీద వాడే మార్కులు ముఖ్యమైన అంశాల్లో ఒకేలా ఉంటే వాటిని ఒకే రిజిస్ట్రేషన్‌లో సిరీస్‌గా నమోదు చేసుకోవచ్చు. వాటి మధ్య ఏ తేడాలు ఉండొచ్చో కూడా అందులోనే ఉంది. సరుకు పేరు మారొచ్చు. నంబరు, ధర, నాణ్యత, ఊరి పేరు మారొచ్చు. మార్కు గుర్తింపును పెద్దగా దెబ్బతీయని, ప్రత్యేకత లేని ఇతర మాటలు మారొచ్చు. రంగు మారొచ్చు. ఆవకాయ, గోంగూర, కందిపొడి సరుకు పేర్లు. ‘స్పెషల్’ నాణ్యత చెప్పే మాట. గుంటూరు ఊరి పేరు. అంటే మీరు లేబుల్ లేబుల్‌కీ మార్చిన మాటలన్నీ చట్టం ఒప్పుకునేవే. మొదటి కన్సల్టెంటు ఇక్కడివరకు చూసి వేసేయమని ఉంటారు.

నా దగ్గరికి సిరీస్ అని వచ్చినవాళ్లతో ముందు ఒక పని చేయిస్తాను. తెల్లకాగితం మీద పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి రాయమంటాను. తర్వాత పెన్సిల్‌తో సరుకు పేరు, ఊరి పేరు, స్పెషల్, ప్రీమియం, నంబర్ వన్ లాంటివన్నీ కొట్టేయమంటాను. మిగిలింది ప్రతి వరసలోనూ పొల్లు పోకుండా ఒకటే కావాలి. ఆ మిగిలినదాన్ని చూసి ఇది ఫలానావాళ్ల సరుకు అని కొనేవాళ్లు గుర్తుపట్టగలగాలి. రెండింటిలో ఏది తప్పినా సిరీస్ ఆలోచన పక్కన పెట్టాల్సిందే.

మీ కాగితం మీద ‘ఇంటి కారం’ మిగులుతుంది. మొదటి షరతు నెగ్గింది. రెండోది నెగ్గలేదు. పచ్చడి సీసా మీద ‘ఇంటి’ అంటే ఇంట్లో చేసినదని, ‘కారం’ అంటే కారమని ఎవరైనా అనుకుంటారు తప్ప తెనాలిలో ఫలానా కుటుంబం గుర్తుకు రాదు. సరుకు రకం, నాణ్యత, పరిమాణం, ఉపయోగం, విలువ, పుట్టిన చోటు వంటివి చెప్పే మాటలు మాత్రమే ఉన్న మార్కును సెక్షన్ 9(1)(బి) కింద తిరస్కరిస్తారు. ఎగ్జామినర్‌కు తెలుగు రాదులే అని కొందరు ధైర్యంగా ఉంటారు. మార్కు హిందీ, ఇంగ్లీషు కాని భాషలో ఉంటే దాని అర్థమేమిటో అప్లికేషన్‌లో మీరే రాసివ్వాలి. కాబట్టి ఆ దారి లేదు. ఉండకపోవడం న్యాయం కూడా. మీ పక్క వీధిలో పచ్చళ్లు పెట్టే ఇంకో ఆవిడ తన డబ్బా మీద ‘మా ఇంటి కారం’ అని రాసుకోకుండా మీరు ఆపగలిగితే అది ఆవిడకు అన్యాయం. నేను మార్కులు రిజిస్టర్ చేయించే పనిలోనే బతుకుతున్నా, ఈ సెక్షన్ ఉండి తీరాలని నమ్ముతాను.

ఒకవేళ ఎలాగో రిజిస్ట్రేషన్ వచ్చిందే అనుకుందాం. దానితో ఏం చేయగలరు? నూనెల కేసు ఒకటి చెబుతాను. మారికో కంపెనీకి ‘లోసార్బ్’, ‘లో-సార్బ్’ అని రెండు రిజిస్టర్డ్ మార్కులున్నాయి. ఆగ్రో టెక్ కంపెనీ తన సన్‌డ్రాప్ నూనె మీద ‘లో అబ్జార్బ్ టెక్నాలజీ’ అని వేసింది. మారికో కోర్టుకెళ్లింది. 2010లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ ఇంజంక్షన్, అంటే వాడకం ఆపమనే ఉత్తర్వు, ఇవ్వలేదు. వేపుళ్లు నూనె తక్కువ పీలుస్తాయన్నది నూనె గుణం, ఆ గుణం చెప్పే మాటను కాస్త అటూ ఇటూ మార్చినంత మాత్రాన అది సొంతంగా పుట్టించిన మాట అయిపోదు, అవతలి కంపెనీ తన సరుకు గుణం చెప్పుకోవడాన్ని ఆపలేరు అన్నది దాని సారాంశం. గమనించండి, అక్కడ ఒకటికి రెండు రిజిస్ట్రేషన్లున్నాయి. పోలికలున్న మార్కులు ఎన్ని చేర్చినా మూలం బలహీనమైతే ఆ బలహీనతే అన్నింటికీ వస్తుంది. ‘షుగర్ ఫ్రీ’ పేరు మీద కాడిలాకూ, అమూల్ ఉత్పత్తులు అమ్మే గుజరాత్ పాల సహకార సమాఖ్యకూ జరిగిన వ్యాజ్యంలో కూడా అంతే. అక్షరాల సైజు తగ్గించమని కోర్టు ఆ సమాఖ్యకు చెప్పింది గానీ ఆ మాటే వాడొద్దనలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ బియ్యం వ్యాపారంలో ఉంది, మీకు బాగా పనికొచ్చేది. అమర్‌సింగ్ చావల్‌వాలా అనే సంస్థ బియ్యానికి ‘గోల్డెన్ కిల్లా’, ‘లాల్ కిల్లా’, ‘నీలా కిల్లా’ అనే మార్కులు వాడేది. ఇంకొకరు ‘హరా కిల్లా’ అని బియ్యం అమ్మారు. ఎర్రకోట వేరు, పచ్చకోట వేరు కదా అన్నది వాళ్ల వాదన. 2009లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ ఒప్పుకోలేదు, ఆపమంది. ఎందుకంటే కోటకూ బియ్యానికీ ఏ సంబంధమూ లేదు. బియ్యం సంచి మీద ‘కిల్లా’ అన్న మాట బియ్యం గురించి ఏమీ చెప్పదు, కేవలం ఎవరి బియ్యమో చెబుతుంది. రంగులు మారుతుంటే కొనేవాడు ఇదీ ఆ కోటవాళ్లదే, కొత్త రకం కాబోలు అనుకుంటాడు. మార్కుల కుటుంబం అంటే ఇలా ఉండాలి. మారే మాట మామూలు మాట, మారని మాట గట్టి మాట.

‘శ్రీ ఇంటి కారం’ అని పెడితే వస్తుందా అని చివర్లో అడిగారు కదా. శ్రీ కలిపితే బలం రాదు. 1955లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వ్యవహారమది, రిజిస్ట్రార్ వర్సెస్ అశోక్ చంద్ర రఖిత్ కేసు. మార్కులో ఉన్న ‘శ్రీ’ మీద ప్రత్యేక హక్కు కోరబోమని రాసివ్వమన్న రిజిస్ట్రార్ మాటనే కోర్టు నిలబెట్టింది. అందరూ శుభానికి పెట్టుకునే మాట ఒకరి సొత్తు కాదు. ఇప్పటి చట్టంలో సెక్షన్ 17 అదే పని చేస్తుంది. రిజిస్ట్రేషన్ మార్కు మొత్తానికి వస్తుంది. అందులో అందరూ వాడే ముక్క ఉంటే ఆ ముక్క మీద విడిగా హక్కు రాదు. సర్టిఫికెట్ గోడకు తగిలించుకుని ‘కారం’ మాదే అనుకునేవాళ్లు ఈ సెక్షన్ ఒకసారి చదవాలి.

డిస్క్రిప్టివ్ మాటకు ఎప్పటికీ రక్షణ రాదా అంటే, వస్తుంది. ‘సూపర్ కప్’ టీ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. వాడగా వాడగా ఆ మాట వినగానే జనానికి సరుకు గుణం కాకుండా ఫలానా అమ్మకందారే గుర్తొచ్చే స్థితి వస్తే రక్షణ దొరుకుతుంది. సెక్షన్ 9(1) చివర ఉన్న మినహాయింపు కూడా అలాంటిదే, కాకపోతే జనంలో ఆ గుర్తింపు అప్లికేషన్ తేదీకి ముందే వచ్చి ఉండాలి. ఇన్వాయిస్‌లు, ప్రకటనల బిల్లులు, ఏడాదివారీ అమ్మకాలకు సీఏ సర్టిఫికెట్, వాడకం గురించి అఫిడవిట్ ఇవన్నీ కావాలి. మీరు పంపిన డ్రాఫ్టులో వాడకం దగ్గర ‘ఇకముందు వాడబోతున్నాం’ అన్న గడి టిక్ చేసి ఉంది. అలా వేసి, తర్వాత ఎగ్జామినేషన్ రిపోర్టుకు (ఎగ్జామినర్ తన అభ్యంతరాలు రాసి పంపే కాగితానికి) జవాబులో ‘ఏళ్లుగా వాడుతున్నాం, పేరొచ్చింది’ అంటే ఎవరూ వినరు. మొదటి అమ్మకం బిల్లు ఏ తేదీదో చూసి ఆ తేదీ వేయించండి. అది వేయించినా, రెండేళ్లుగా ఇంటి నుంచీ వాట్సాప్‌లోనూ సాగుతున్న అమ్మకాలతో ‘ఇంటి కారం’కు ఆ స్థాయి పేరు వచ్చిందని నిరూపించడం నాకు సాధ్యమనిపించడం లేదు.

ఇక మీ లేబుల్ ఫొటో. పైన పెద్ద ఎర్రక్షరాల్లో ‘ఇంటి కారం’, కింద ఆకుపచ్చ పట్టీలో ‘ఆవకాయ’. మూత మీద అంటించిన గుండ్రటి స్టిక్కర్‌లో రోలు అంచున వాలిన పిచ్చుక బొమ్మ, దాని చుట్టూ చిన్న అక్షరాల్లో ‘ఊరపిచ్చుక’. మీ చెల్లెలు గీసిందని, సరదాగా పెట్టామని రాశారు. అమ్మా, మీ ట్రేడ్‌మార్క్ అదే! పిచ్చుకకూ పచ్చడికీ సంబంధం లేదు. ఆ మాట కారం గురించి, రుచి గురించి, ఊరి గురించి ఒక్క ముక్క చెప్పదు. పెన్సిల్‌తో ఏదీ కొట్టేయాల్సిన పని లేదు. ‘ఊరపిచ్చుక ఆవకాయ’, ‘ఊరపిచ్చుక గోంగూర’, ‘ఊరపిచ్చుక నిమ్మకాయ’ ఇవి చట్టం చెప్పిన సిరీస్‌కు సరిగ్గా సరిపోతాయి. ముందుగా రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ చేయండి, 29, 30 క్లాసుల్లో (క్లాసులంటే సరుకులను విడదీసిన వర్గాలు). మాట ఉన్నదున్నట్టు ఒకసారి, ఉచ్చారణను బట్టి ఇంకోసారి. బొమ్మకు వియన్నా కోడ్‌తో, అంటే బొమ్మల రకాలకు ఇచ్చిన అంతర్జాతీయ నంబరుతో వెతకాలి, పక్షులకు 3.7.

ఇప్పుడు మీకు కాస్త ఆశ్చర్యంగా ఉండే మాట. ‘ఊరపిచ్చుక’ను మూలం చేసుకున్నాక మీకు సిరీస్ అవసరమే రాకపోవచ్చు.

లెక్క చూడండి. ఫీజు క్లాసుకు ఇంత అని ఉంటుంది. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు రూ. 4,500. మిగతావాళ్లకు రూ. 9,000. పచ్చళ్లు 29వ క్లాసు, పొడులు 30వ క్లాసు. మీ అమ్మగారి పేరు మీద ఆరు లేబుళ్లకూ విడివిడిగా వేస్తే రూ. 27,000. పచ్చళ్లకు ఒక సిరీస్, పొడులకు ఒక సిరీస్ వేస్తే రూ. 9,000. ‘ఊరపిచ్చుక’ అనే ఒక్క మాటను రెండు క్లాసుల్లో వేసినా రూ. 9,000. ఖర్చు సమానం, రక్షణ ఎక్కువ. ఒట్టి మాట మీ చేతిలో ఉంటే రేపు చింతకాయ పచ్చడి మొదలుపెట్టినా కొత్తగా ఏమీ వేయక్కర్లేదు. సిరీస్‌లో అలా కాదు. అప్లికేషన్‌లో చేర్చిన మార్కులే ఉంటాయి, తర్వాత ఇంకోటి జొప్పించలేరు. రంగులు మారుతున్నాయన్న టెన్షన్ కూడా వద్దు. రంగు పరిమితి లేకుండా రిజిస్టర్ చేయిస్తే అన్ని రంగులకూ రిజిస్టర్ అయినట్టేనని సెక్షన్ 10 చెబుతోంది.

డబ్బు వెసులుబాటు ఉంటే రెండో అడుగుగా పిచ్చుక బొమ్మను విడిగా వేయండి. లేబుల్ డిజైన్ల మీద కూడా పట్టు కావాలనుకుంటే అప్పుడు వాటిని సిరీస్‌గా వేయొచ్చు. వేసేటప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. కారం ఎక్కువ ఉన్న రకానికి ‘ఊరపిచ్చుక ఘాటు’ అని పెడితే సిరీస్‌లో ఇమడొచ్చు, అది గుణం చెప్పే మాట. అదే బహుమతి పెట్టెకు ‘ఊరపిచ్చుక గూడు’ అని పెడితే ఇమడదు. ‘గూడు’ పచ్చడి గురించి ఏమీ చెప్పదు, పిచ్చుకతో కలిసి వేరే ఊహ కలిగిస్తుంది. గుర్తింపే మారిపోయింది కనుక అది వేరే మార్కు, వేరే అప్లికేషన్. మాటలు కలిపేసి ‘పిచ్చుక్కారం’ అన్నా అంతే, మారని భాగం అక్కడ చెక్కుచెదరకుండా లేదు. తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లీషు లిపిలో ఒకటి పెట్టి సిరీస్ అనేవాళ్లూ ఉన్నారు. లిపి మార్పు చట్టం చెప్పిన తేడాల్లో నేరుగా లేదు. నేనైతే విడిగానే వేస్తాను.

ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. సిరీస్‌లో ఒక్కటి సరిపడకపోయినా అభ్యంతరం మొత్తం అప్లికేషన్ మీద పడుతుంది, మిగతావన్నీ దాని కోసం ఆగిపోతాయి. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురించకముందే అయితే అప్లికేషన్‌ను విభజించమని అడగొచ్చు, లేదా ఇబ్బంది పెడుతున్నదాన్ని తీసేయొచ్చు. ప్రచురించాక నాలుగు నెలల్లోపు ఎవరైనా ఒక్క మార్కును చూసి ఆపోజిషన్ (రిజిస్టర్ చేయొద్దని అభ్యంతరం) వేసినా రిజిస్ట్రేషన్ మొత్తం నిలిచిపోతుంది. ఎగ్జామినేషన్ రిపోర్టు అందిన ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలన్నది కూడా మరవకండి.

మీకు అన్నయ్య కూడా ఉన్నారని, పొడుల వ్యాపారం ముందుముందు ఆయన చూసుకుంటారని రాశారు. అందుకని ఇది చెప్పి తీరాలి. సిరీస్‌గా రిజిస్టరైన మార్కులన్నీ సెక్షన్ 16 ప్రకారం ‘అసోసియేటెడ్’ మార్కులవుతాయి. సెక్షన్ 44 ప్రకారం వాటిని ఇంకొకరికి రాసివ్వాలంటే అన్నీ కలిపే రాసివ్వాలి, విడదీసి ఇవ్వడానికి వీల్లేదు. వాటాలు పంచుకునే రోజున కందిపొడి లేబుల్ అన్నయ్యకు, ఆవకాయ లేబుల్ చెల్లెలికి అని కాగితం రాసుకుంటే అది చెల్లదు. విడివిడిగా వేసినా, పోలిక ఉన్న మార్కుల్ని అసోసియేట్ చేయమని రిజిస్ట్రార్ అనవచ్చు. కాబట్టి మార్కు ఎవరి పేరున ఉండాలి, ఇంకొకరు ఏ షరతుల మీద వాడుకోవాలి అన్నది ఇప్పుడే, అందరూ బాగున్నప్పుడే కూర్చుని రాసుకోండి. కుటుంబ వ్యాపారాల్లో నేను చూసిన ట్రేడ్‌మార్క్ గొడవల్లో చాలావరకు బయటివాళ్లతో వచ్చినవి కావు. అసోసియేటెడ్ అవడంలో ఒక మేలూ ఉంది. రిజిస్టరయ్యాక ఐదేళ్లపాటు వాడని మార్కును తీసేయమని ఎవరైనా అడగవచ్చు. అలాంటప్పుడు దాని తోటి మార్కు వాడకాన్ని దీని వాడకంగా లెక్కలోకి తీసుకునే వీలు సెక్షన్ 55లో ఉంది.

‘గుంటూరు’ గురించి. సిరీస్‌లో మారే మాటగా ఊరి పేరు ఫర్వాలేదు. కానీ ఆ ప్యాకెట్‌లో గుంటూరు మిర్చే ఉండాలి. వేరే రాష్ట్రం మిర్చి పోసి గుంటూరు అంటే కొనేవాళ్లను తప్పుదారి పట్టించే మార్కని సెక్షన్ 9(2) అభ్యంతరం వస్తుంది. పైగా గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్ ఉంది, ఆ పేరు వాడకానికి వేరే చట్టమే ఉంది. అలాగే ‘ఆవకాయ’ అన్న మాట ఉన్న లేబుల్‌ను 29వ క్లాసులోని సరుకులన్నిటికీ అడగకండి. సరుకుల జాబితాలో ఏ లేబుల్ ఏ సరుకుకో దానికే రాయించండి.

డాలస్‌లో ఉన్న మీ పిన్నిగారబ్బాయి అక్కడ అమ్ముదామంటున్నారు కనుక ఇంకొక్క మాట. అమెరికాలో సిరీస్ రిజిస్ట్రేషన్ అనేదే లేదు, ఒక అప్లికేషన్‌కు ఒకే మార్కు. వేరే దేశాల్లో ట్రేడ్‌మార్క్ అడగడానికి వీలిచ్చే అంతర్జాతీయ ఒప్పందం మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో భారత్ 2013లో చేరింది కాబట్టి ఇక్కడి అప్లికేషన్ ఆధారంగా అక్కడ అడగొచ్చు, కానీ ఆ దారిలో కూడా ఒక దరఖాస్తుకు ఒకే మార్కు. ఆరు లేబుళ్ల సిరీస్ పట్టుకుని వెళ్తే అందులో ఏదో ఒకటే తీసుకెళ్లగలరు. ‘ఊరపిచ్చుక’ ఒక్కటే అయితే ఆ పేచీ లేదు.

అచ్చు వేయించిన కవర్లు పారేయకండి. అవి అయ్యేదాకా అమ్ముకోండి. తర్వాతి అచ్చులో అక్షరాల సైజులు తారుమారు చేయించండి. పిచ్చుకా, ‘ఊరపిచ్చుక’ అన్న పేరూ మూత మీద నుంచి సీసా ముందుకు రావాలి, పెద్దగా ఉండాలి. ‘ఇంటి కారం’ కావాలంటే దాని కింద చిన్నగా ఉంచుకోండి, అలా వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొత్త లేబుల్‌తో వెళ్లిన మొదటి బిల్లు మీద ‘ఊరపిచ్చుక’ అన్న పేరు అచ్చయి ఉండేలా చూసుకోండి. ఆ బిల్లు కాపీనీ ఆ రోజు తీసిన లేబుల్ ఫొటోనూ ఒక ఫైల్లో పెట్టండి. అఫిడవిట్‌కు మొదట అడిగేవి అవే.